బుసకొట్టే అక్షరాలు

సైకిల్ ట్యూబుకి ముల్లు దిగితే ‘స్స్స్’మంటుంది. కుక్కర్ కూత వేయబోయే ముందు ‘ష్ష్’మని ఆవిరి తోసుకొస్తుంది. ఇక పుట్టలోని పాము బుస సంగతి వేరే చెప్పాలా? ఈ మూడింటికీ, మన వర్ణమాల చివర్లో బుద్ధిగా కూర్చున్న శ, ష, స, హ అనే నాలుగు అక్షరాలకూ దగ్గరి చుట్టరికం ఉంది. అన్నీ గాలి ఇరుకు దారిలోంచి దూరి వెళ్లేటప్పుడు పుట్టే చప్పుళ్లే!

‘అ’ అనండి. నోరు బార్లా తెరుచుకుంటుంది, గాలికి అడ్డే లేదు. ‘ప’ అనండి. పెదాలు రెండూ గట్టిగా మూసుకుని, ఒక్కసారి విడిపోతాయి. అంటే అచ్చులకు తలుపు బార్లా తీసి ఉంటుంది. క, ట, త, ప లాంటి వాటికి తలుపు మూసి తీస్తాం. శ, ష, స, హ మాత్రం తలుపు ఓరగా వేసినట్టు. ఆషాఢమాసంలో ఓరవాకిలిగా ఉన్న కిటికీలోంచి గాలి ఈల వేయడం మీరు వినే ఉంటారు. వెడల్పాటి దారిలో నిశ్శబ్దంగా నడిచే గాలి, సందు ఇరుకయ్యేసరికి వేగం పుంజుకుని, సుళ్లు తిరిగి, ఎదురుగా దేనికో కొట్టుకుని రొద చేస్తుంది. నోట్లో జరిగేదీ అదే.

మన పాత వ్యాకరణవేత్తలు వీటికి ‘ఊష్మాలు’ అని పేరు పెట్టారు. ఊష్మం అంటే వేడి, ఆవిరి. ఉష్ణం అనే మాటకూ దీనికీ మూలం ఒకటే. యంత్రాలూ మైకులూ లేని రోజుల్లో, వేదం తప్పు పోకుండా చదవాలన్న పట్టుదలతో ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో తడిమి తడిమి రాసిపెట్టారు వాళ్లు. ‘శ’ అంగిలి దగ్గర, ‘ష’ ఇంకా పైన మూర్ధం దగ్గర, ‘స’ పళ్ల దగ్గర, ‘హ’ గొంతులో అని లెక్క తేల్చారు. నేటి ధ్వనిశాస్త్రం వాళ్ల లెక్కలో పెద్దగా దిద్దిందేమీ లేదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్ష పెట్టుకోవచ్చు. ‘స్స్స్’ అంటూ ఆపండి. నాలుక కదపొద్దు. అలాగే ఉంచి గాలిని లోపలికి పీల్చండి. పై పళ్ల వెనకాల ఒకచోట చల్లగా తగుల్తోందా? సందు ఉన్నది అక్కడే. ఇప్పుడు ‘శ్శ్’ అని అదే పని చేయండి. చల్లదనం కాస్త వెనక్కి, అంగిలి మీదికి జరుగుతుంది. ‘ష’కి నాలుక కొనను ‘ట’ అనేటప్పటిలా పైకి మడిచి చూడండి, ఇంకాస్త వెనక్కి. ‘శ’కీ ‘ష’కీ తేడా మనలో చాలామంది పలకడం మానేసి చాలాకాలమైంది. విశేషం అనే మాటలో రెండూ ఉన్నాయి, మీ నోట రెండు రకాలుగా వస్తున్నాయో లేదో మీరే చూసుకోండి.

ఇలా వెనక్కి జరిగేకొద్దీ చప్పుడు బొంగురుగా మారడం గమనించారా? ‘స’ అన్నిటికంటే సన్నగా, పదునుగా ఉంటుంది. నాలుక రెండు అంచులూ పక్క పళ్లకు ఆనుకుని, మధ్యలో సన్నటి కాలువలా గుంట పడుతుంది. ఆ కాలువలోంచి దూసుకొచ్చిన గాలి ముందు పళ్ల అంచుకు తగిలి బుస కొడుతుంది. నాలుకకూ ముందు పళ్లకూ మధ్య ఖాళీ ఎంత చిన్నదైతే స్వరం అంత పైకి పోతుంది. చిన్న పిల్లనగ్రోవికీ పెద్దదానికీ ఉన్న తేడా లాంటిదే. మామూలు మగగొంతు సెకనుకి వంద, నూటయాభై సార్లు కంపిస్తే, ‘స’లోని బుస బలమంతా 4,000 హెర్ట్జ్ పైమాటే. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

‘హ’ తీరే వేరు. దానికి నోట్లో సందు అక్కర్లేదు, గొంతులోనే పని అయిపోతుంది. అందుకే కళ్లద్దాలు తుడుచుకోవాలంటే ‘హా’ అని ఊదుతాం, అద్దం మీద ఆవిరి పడుతుంది. కాఫీ చల్లార్చుకోవాలంటే మాత్రం పెదాలు దగ్గర చేసి ‘ఫూ’ అంటాం. గాలి ఒక్కటే, సందులో తేడా!

ఆ ‘ఫూ’లో వచ్చే చప్పుడుకి మన లిపిలో సొంత అక్షరం లేదు. మన ‘ఫ’ నిజానికి ఒత్తు ‘ప’. పెదాలు పూర్తిగా మూసి, ఊపిరితో విడవాలి. కానీ ఇంగ్లిష్, ఉర్దూ మాటలు వచ్చాక పై పళ్లు కింది పెదవికి ఆనించి పలికే ‘ఫ’ కూడా అదే అక్షరంలో కాపురం పెట్టింది. అది ఎంత స్థిరపడిందంటే ఇప్పుడు ఫలం, ఫాలాక్షుడు లాంటి సంస్కృతం మాటల్ని కూడా ఫ్యాన్, ఫోన్‌లలాగే పలికేస్తున్నాం. పల్లెటూరి తాత ‘ఆపీసు’, ‘కాపీ’ అంటే నవ్వుతాం గానీ, అద్దె ఇంటివాడు సొంతింటివాణ్ని వెళ్లగొట్టడం ఎవరి కంటా పడలేదు. తమిళులు ఇంకో ఉపాయం చేశారు. వాళ్ల ‘ప’ ముందు మూడు చుక్కల ఆయుధ అక్షరం పెట్టి ఫ్యాన్‌లోని చప్పుడు రాసుకుంటారు.

అన్నట్టు, ఈ ఊదుడు చప్పుడు మన పండితులకు తెలియందేమీ కాదు. విసర్గ తర్వాత క, ఖ వస్తే నాలుక మొదట్లో పలికే బుసకి జిహ్వామూలీయం అనీ, ప, ఫ వస్తే పెదాల దగ్గర ఊదే బుసకి ఉపధ్మానీయం అనీ పేర్లున్నాయి. అంతఃపురంలోని విసర్గ అదే. మనం ‘అంతప్పురం’ అనేసి చేతులు దులుపుకుంటున్నాం. ఇక దుఃఖంలోని బుస వినాలంటే హైదరాబాద్ పాతబస్తీకి వెళ్తే చాలు. ‘ఖబర్’, ‘ఖుదా’ అనేటప్పుడు గొంతుకీ నాలుక మొదటికీ మధ్య గీరుకుంటూ వచ్చే ‘ఖ’ ఆ తరహాదే.

కాలుసేతులకు మార్కులు, సేతులకు నవ్వులు

‘చ’ని మెల్లగా, సాగదీసి పలకడానికి ప్రయత్నించండి. కుదరదు. ‘చ్...’ అని మొదలుపెట్టి ‘శ్శ్’ దగ్గరికి జారిపోతారు. ఎందుకంటే ‘చ’ అనేది ఒక్క చప్పుడు కాదు, రెండు. మొదట ‘త్’ లాంటి అడ్డు, వెంటనే ‘శ’ లాంటి బుస. చాప, చుక్క అన్నప్పుడైతే ‘త్’ వెనక ‘స’. పాత నిఘంటువుల్లో ఈ రెండో రకం చకారాన్ని వేరుగా ‘ౘ’ అని గుర్తించేవారు. ఇప్పుడు ఆ మొదటి అడ్డును కొంచెం బద్ధకించి వదిలేస్తే ఏం మిగులుతుంది? బుస మిగులుతుంది. చెప్పు కాస్తా ‘సెప్పు’, చూడు కాస్తా ‘సూడు’, చదువు కాస్తా ‘సదువు’ అవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ, తెలంగాణ ఊళ్లలోనూ ఇలా మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల మాట మన సినిమాల్లో ఏ పాత్రకు పెడతారో మీకు తెలుసు. పనివాడికి, అమాయకుడికి, లేదా నవ్వించే వాడికి. బడిలో ‘సెయ్యి’ అన్న పిల్లాణ్ని నిలబెట్టి నాలుగుసార్లు ‘చెయ్యి’ అనిపించే పంతుళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్లాసంతా నవ్వుతుంది. ఆ పిల్లాడు మర్నాటి నుంచి జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడు.

విచిత్రం ఏమిటంటే అదే పంతులుగారు అదే క్లాసులో గసడదవాదేశ సంధి చెప్తారు. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో సూత్రీకరించిన సంధి అది. క, చ, ట, త, ప వరసగా గ, స, డ, ద, వ అవుతాయి. తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు. అన్నా తమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు. మరి కాలూ చెయ్యీ కలిస్తే? కాలుసేతులు! అక్కా చెల్లెలూ కలిస్తే అక్కసెల్లెండ్రు! పరీక్షలో ‘కాలుసేతులు’ విడదీసి సంధి పేరు రాస్తే మార్కులు. నోటితో ‘సేతులు’ అంటే నవ్వులు. ‘చ’ ముందున్న అడ్డు జారిపోయి ‘స’ మిగలడం తెలుగుకు ఎంత సహజమో సూరిగారే చెప్పారు కదా. అది పద్యంలో ఉంటే వ్యాకరణం, పొలంలో ఉంటే మోటా?

ఇది మన ఒక్కరి గొడవే అయితే సరిపెట్టుకోవచ్చు. ఫ్రెంచివాళ్లు ఒకప్పుడు ‘చ’ అనే పలికేవారు. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌వాళ్లు వాళ్ల దగ్గర ఒక మాట అప్పు తెచ్చుకున్నారు... ‘చీఫ్’. తర్వాత ఫ్రెంచి నోట ‘త్’ అడ్డు రాలిపోయి ‘శ’ మిగిలింది. 19వ శతాబ్దంలో ఇంగ్లిష్ మళ్లీ అదే మాటను, ఈసారి వంటశాల పెద్ద అనే అర్థంలో తెచ్చుకుంది... ‘షెఫ్’. చీఫ్ మినిస్టర్‌లో చీఫ్, స్టార్ హోటల్ షెఫ్ ఒకే మాటకు రెండు వయసులన్నమాట. ప్యారిస్‌లో అడ్డు రాలితే నాగరికం, పాలకొండలో రాలితే నాటు. నాలుక చేసిన పని రెండుచోట్లా ఒకటే.

ఇంకా దగ్గర్లో చూడాలంటే పక్క రాష్ట్రమే ఉంది. మన పాలు కన్నడంలో హాలు. మన పులి హులి. మన పల్లు హల్లు. ఒకప్పుడు కన్నడంలో కూడా అవి ‘ప’తోనే ఉండేవి. పెదాలు మూయడం మానేసి ఊపిరి మాత్రం వదలడంతో ఏకంగా భాషంతా మారిపోయింది. పారశీకానికి వెళ్తే ‘స’ కూడా ‘హ’ అయిపోయింది. సింధు హిందు అయింది అలాగే. సంస్కృతంలో సప్త అంటే ఏడు. అదే చుట్టరికపు మాట పారశీకంలో ‘హఫ్త్’. ఏడు రోజులు గనక వారం ‘హఫ్తా’. వారానికోసారి రౌడీలు వసూలు చేసే హఫ్తా ఇదే! ‘స’ జారి ‘హ’, ‘ప’ జారి ‘ఫ’. ఒకే మాటలో రెండు ఊష్మాలు.

శ్రీకాకుళం ప్రస్తావన వచ్చింది గనక ఒక ముక్క. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పుట్టినరోజు అని. జనం మాట్లాడే భాషే రాతకు పనికొస్తుందని జీవితాంతం పోరాడిన ఆయన 1863లో పుట్టింది ఆ ‘సెప్పు’, ‘సూడు’ల సీమలోనే. ఆ రోజున దండలు వేసే వేదికల మీదే ఆ యాసను అనుకరించి నవ్వించేవాళ్లుంటారు. ఇంతకంటే ఏం చెబుతాం!

ఒక్క బుస తేడాకు ప్రాణాలు పోయిన కథ కూడా ఉంది. బైబిల్ న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో వస్తుంది. గిలాదువాళ్లకూ ఎఫ్రాయిమువాళ్లకూ యుద్ధం జరిగింది. ఓడినవాళ్లు యొర్దాను నది దాటి పారిపోబోతే రేవుల దగ్గర కాపలావాళ్లు ఒక్కొక్కరి చేతా ‘షిబ్బోలెతు’ అనిపించేవాళ్లట. ఎఫ్రాయిమువాళ్లకు ‘ష’ పలకదు, ‘సిబ్బోలెతు’ అనేవాళ్లు. అన్నవాణ్ని అక్కడే చంపేసేవాళ్లు. అలా పోయినవాళ్లు 42 వేల మంది అని ఆ గ్రంథం లెక్క చెబుతుంది.

బెంగాలీలు మూడు సకారాలనూ ‘శ’ అనే అంటారు. మనం సత్యజిత్ రాయ్ అంటే వాళ్లకు ఆయన శొత్తోజిత్. పక్కనే అస్సామీలు ఆ మూడు అక్షరాలనూ చాలాచోట్ల మన పాతబస్తీ ‘ఖ’లా గొంతు దగ్గర గీరి పలుకుతారు. వాళ్ల రాష్ట్రం పేరు వాళ్ల నోట దాదాపు ‘ఒఖొమ్’. హవాయి దీవుల భాషలో ‘స’ అసలు లేదు, క్రిస్మస్ వాళ్ల నోట ‘కలికిమక’ అయి కూర్చుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల భాషల్లో చాలావాటికి ఊష్మాల అవసరమే పడలేదు. అక్కడ ఎవరికీ ఏ లోటూ లేదు.

పాల పళ్లు ఊడితే...

మూడేళ్ల పాప సైకిల్‌ని ‘తైకిల్’ అంటే ముద్దొస్తుంది. ఆ పాప చేస్తున్నది సులువైన పని. తలుపు మూసి తీయడం ఎవరికైనా వస్తుంది. ఓరగా తీసి, అక్కడే ఆపి, సన్నటి సందును కదలకుండా పట్టుకోవడం కష్టం. అందుకే పిల్లలకు ప, మ, త ముందు వస్తాయి. స, శ ఆలస్యంగా వస్తాయి. ఆరేడేళ్లప్పుడు ముందు పాల పళ్లు ఊడితే ‘స’ మళ్లీ కొన్నాళ్లు తడబడుతుంది, గాలి కొట్టుకోవడానికి గోడ లేదు గనక. పళ్లు రాగానే చాలామందికి అదే సర్దుకుంటుంది. కట్టుడు పళ్లు కొత్తగా పెట్టించుకున్న తాతగారు మాట్లాడుతుంటే మధ్యలో ఈల వినిపించేదీ ఇందుకే.

అయితే అన్నీ వాటంతట అవే పోవు. ఐదారేళ్లు దాటినా ‘స’ బదులు ‘త’ అంటున్నా, ‘స’ అనేటప్పుడు గాలి నోటి పక్కల నుంచి తడితడిగా పోతున్నా, ముక్కులోంచి పోతున్నా చూపించాలి. గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి కూల్‌డ్రింక్ స్ట్రా చాలు. పిల్ల ‘స్స్’ అంటున్నప్పుడు స్ట్రా కొసను ముందు పళ్లకు ఎదురుగా పెట్టి, మెల్లగా పక్కకు జరపండి. చప్పుడు ఎక్కడ గట్టిగా మోగితే గాలి అక్కడి నుంచి వస్తున్నట్టు. మధ్యలో మోగాలి.

అంగిలి చీలికతో పుట్టిన పిల్లల బాధ వేరు. మనవాళ్లు దీన్నీ పెదవి చీలికనూ గ్రహణం మొర్రి అంటారు. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, తల్లి కూరగాయలు తరగడానికి అంతకన్నా లేదు. చీలిక ఉన్నప్పుడు గాలి ముక్కులోకి తప్పించుకుపోతుంది. నోట్లో ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేనిదే బుస లేదు. మాటలు పూర్తిగా రాకముందే, ఏడాది అటూ ఇటుగా, అంగిలి మూసే ఆపరేషన్ చేయించాలనేది అందుకే. ఆ తర్వాత కూడా మాట నేర్పించాల్సి రావచ్చు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం లాంటివి ఉన్నవి ఈ పనికే. ఎక్కడికి వెళ్లినా మాట కంటే ముందు చెవిని పరీక్షిస్తారు. కంగారు పడకండి. ‘స’ సరిగా వినపడని బిడ్డకు ‘స’ ఎలా వస్తుంది?

చెవి మాట వచ్చింది గనక ఇందాకటి అంకె దగ్గరికి వెళ్దాం. వయసు మీదపడ్డాక చెవి మొదట పోగొట్టుకునేది పై స్వరాలనే. మాటల్లో అచ్చులన్నీ కింది స్వరాల్లో, బలంగా ఉంటాయి. స, శ, ఫ లు పైన, పలచగా ఉంటాయి. కాబట్టి పెద్దాయనకు మనం మాట్లాడుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, ఏమన్నామో తెలియదు. ‘నాకు చెవుడేమిట్రా, మీరే నోట్లో నములుతున్నారు’ అంటారు. ఆయన అబద్ధమాడ్డం లేదు. ఆయనకు నిజంగా అలాగే వినిపిస్తుంది. కోడలు పసుపు అడిగితే పలుపు తెచ్చిచ్చే మామగారు మతిమరుపు మనిషి కాకపోవచ్చు.

మనం చేసేదేమిటి? అరుస్తాం. గొంతు పెంచితే అచ్చులు పెరుగుతాయి, బుసలు ఆ దామాషాలో పెరగవు. అంటే ఆయనకు వినిపిస్తున్నదే ఇంకా గట్టిగా వినిపిస్తుంది, వినిపించనిది అలాగే ఉండిపోతుంది. పైగా ‘ఎందుకు అరుస్తావ్’ అని ఆయన నొచ్చుకుంటారు. టీవీ ఆపి, దగ్గరికెళ్లి, వెలుతురు మన ముఖం మీద పడేలా కూర్చుని, కొంచెం నెమ్మదిగా మాట్లాడితే సగం పని అయిపోతుంది. ‘ఫ’ అన్నప్పుడు పెదవి మీద పళ్లు, ‘శ’ అన్నప్పుడు ముందుకొచ్చే పెదాలు కళ్లు వినేస్తాయి. చెవి పరీక్ష చేయించి, ఏ స్వరం ఎంత పోయిందో చూసి అమర్చే యంత్రాలు ఆ పై స్వరాలనే ఎత్తి వినిపిస్తాయి. కళ్లజోడుకు లేని సిగ్గు దీనికెందుకో నాకు అర్థం కాదు.

ఫోన్‌లో అయితే కుర్ర చెవి కూడా ముసలి చెవే. పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. ‘స’ బలమంతా 4,000 పైన అనుకున్నాం కదా, అది దారిలోనే తెగిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎఫ్, ఎస్ రెండింటికీ ముందున్న ‘ఎ’ ఒక్కటే, తేడా అంతా చివరి బుసలో. ఆ బుస తెగాక ఏది ఏదో దేవుడికే తెలియాలి. విమానాలవాళ్లు అందుకే ఎఫ్‌కి ఫాక్స్‌ట్రాట్, ఎస్‌కి సియెర్రా అని మాటలు పెట్టుకున్నారు. 4జీ వచ్చాక కొత్త ఫోన్లలో హెచ్‌డీ వాయిస్ పేరుతో 7,000 హెర్ట్జ్ వరకూ వస్తోంది గానీ, రెండు వైపులా ఆ సౌకర్యం ఉండాలి. మీ అమ్మమ్మగారి పాత బటన్ల ఫోన్‌కి ఫోన్ చేసి ఊరు ఎప్పుడొస్తున్నారో చెప్పేటప్పుడు ‘శనివారం’ అని ఊరుకోకండి. తేదీ కూడా చెప్పండి.